నడుముకు కిలో బరువు

టెక్సస్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. సరుకుల కొట్టులో ముందున్న మనిషి కింది అరలోంచి పాల క్యాన్ తీయడానికి వంగుతాడు. చొక్కా కుడివైపు కాస్త పైకి లేస్తుంది. బెల్టు పక్కన నల్లటి పిడి కనిపిస్తుంది. లేచి చొక్కా సర్దుకుని, దారికి అడ్డమొచ్చినందుకు సారీ చెప్పి, నవ్వి వెళ్లిపోతాడు. దొంగ కాదు, పోలీసూ కాదు. పిల్లల్ని బడి దగ్గర దింపి ఇంటికి పోతున్న సంసారి. ఆయన నడుముకు దాదాపు కిలో బరువు వేలాడుతోంది.

ఆ కిలో గురించి అమెరికా తుపాకీ ప్రియుల మధ్య ఎడతెగని పంచాయితీ నడుస్తోంది. ఆత్మరక్షణకు రోజూ వెంట పెట్టుకునేది జేబులో పట్టే చిన్న పిస్తోలా, పోలీసులు, సైనికులు మోసే పెద్ద పిస్తోలా అన్నది వాళ్ల తగవు. జేబు పిస్తోలు పావుకిలోకి కాస్త ఎక్కువ. పదిహేడు తూటాలు నింపిన గ్లాక్ 17 సుమారు 900 గ్రాములు. పాత కోల్ట్ 1911 అయితే తూటాలు లేకుండానే కిలో దాటుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు బొమ్మలాంటిది చేతిలో ఉంటే ఏం లాభం, మోస్తే అసలైనదే మోయాలి అని పెద్ద పిస్తోలు పక్షం అంటుంది. వాళ్లలోనే మరికొందరు సైజుతో తృప్తిపడరు. పది మిల్లీమీటర్లు, ఫార్టీఫోర్ మ్యాగ్నమ్ అంటూ తూటా బలం కూడా పెంచుతారు.

ఈ వాదనలో నిజం లేకపోలేదు. చిన్న పిస్తోలు చూడ్డానికే ముద్దు. పేలితే చేతిలో గట్టిగా తన్నుతుంది. పిడి మీద మూడు వేళ్లు కూడా సరిగా పట్టవు, గురి చూసే దూరం మరీ తక్కువ. బరువైన తుపాకీ తన్నును తానే కొంత మింగుతుంది, పొడుగు గొట్టం గురిని నిలబెడుతుంది, తూటాలూ ఎక్కువ పడతాయి. కొత్తగా నేర్చుకునేవాడికి కాల్పుల సాధన చేసే రేంజిలో పెద్దదే సులువు. అంతవరకు ఒప్పుకోవచ్చు. చిక్కల్లా సైజు నుంచి శక్తికి, రేంజి నుంచి వీధికి ఈ వాదన జారిపోయే చోట ఉంది. అలాస్కాలో ఎలుగుబంటి ఎదురయ్యే అడవిదారిలో మ్యాగ్నమ్ మోస్తే అర్థముంది. డాలస్ శివార్లలో ఎలుగుబంట్లు లేవు.

శక్తి ఎక్కువైతే మేలన్న నమ్మకాన్ని అమెరికా ప్రభుత్వమే ఒకసారి సొంత ఖర్చుతో పరీక్షించి చూసింది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగల్ని ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు అడ్డగించారు. ఒక ఏజెంటు కాల్చిన 9 ఎంఎం (తొమ్మిది మిల్లీమీటర్ల లావు) తూటా దొంగల్లో ఒకడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి దిగి, గుండెకు అంగుళం దూరంలో ఆగిపోయింది. అది ప్రాణాంతకమైన గాయమే. కానీ వాడు వెంటనే పడిపోలేదు. ఆ తర్వాత కూడా రైఫిల్‌తో కాలుస్తూ పోయాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఆ అంగుళమే తర్వాత ముప్పై ఏళ్ల అమెరికా పిస్తోళ్ల చరిత్రను నడిపించింది.

తూటాది తప్పని తేల్చి ఎఫ్‌బీఐ 10 ఎంఎంకు మారింది. ఆ పిస్తోలు బరువు, తన్ను చాలామంది ఏజెంట్లకు చేత కాలేదు. తూటాలో మందు తగ్గించారు. మందు తగ్గించాక అంత పొడవు తూటా ఎందుకని పొట్టి తూటా పుట్టింది. అదే 1990లో స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కంపెనీలు కలిసి తెచ్చిన పాయింట్ ఫార్టీ, అంటే 0.40 అంగుళం లావు తూటా. దేశంలోని పోలీసు శాఖల్లో చాలా భాగం దాని వెంట పడ్డాయి. చివరికి 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం లెక్కలు ముందేసుకుని కూర్చుంది. మంచి 9 ఎంఎం తూటాకూ పెద్ద తూటాలకూ గాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని, తక్కువ తన్నే తుపాకీతో ఏజెంట్లు వేగంగా, గురిగా కాలుస్తున్నారని తేల్చి మళ్లీ 9 ఎంఎం దగ్గరికే వచ్చింది. సైన్యమైతే అంతకు ముందే, 1985లోనే, ఇంకా లావైన ఫార్టీఫైవ్ తూటాల కోల్ట్ 1911ను పక్కనపెట్టి 9 ఎంఎం బెరెట్టాకు మారిపోయింది. తుపాకీ పట్టడమే ఉద్యోగమైనవాళ్లు ఇంత చుట్టు తిరిగి నేర్చుకున్న పాఠం ఇది. పాలు కొనుక్కునే మనిషి మాత్రం మయామీ అంగుళం దగ్గరే ఆగిపోయాడు.

అసలు తగలాలి కదా, బలం సంగతి తర్వాత. న్యూయార్క్ పోలీసుల కాల్పులపై ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక చూడండి. 1998 నుంచి 2006 దాకా, ఎదుటివాడు తిరిగి కాల్చిన సందర్భాల్లో పోలీసుల తూటాల్లో గురి తగిలినవి సగటున 18 శాతం. జీతం తీసుకుని, ఏటా పరీక్ష పాసయ్యే పోలీసుల సంగతి ఇది. మిగతా 82 శాతం ఎక్కడికో ఒకచోటికి పోవాల్సిందే. 2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ బిల్డింగు ముందు అవి ఎక్కడికి పోతాయో అందరూ చూశారు. పాత సహోద్యోగి ఒకడిని చంపి నడిచి వెళ్తున్న హంతకుడిపై ఇద్దరు పోలీసులు 16 రౌండ్లు కాల్చారు. వాడు చనిపోయాడు. దారినపోయే తొమ్మిది మంది గాయపడ్డారు. ఆ తొమ్మిది మందికీ తగిలినవి పోలీసుల తూటాలు, వాటి ముక్కలే.

ఇప్పుడు ఇదే లెక్కను అక్కడి అపార్ట్‌మెంటులోకి తెచ్చి చూడండి. చెక్క ఫ్రేముకు రెండువైపులా అరంగుళం జిప్సం బోర్డు కొడితే అక్కడ గోడ అయిపోయినట్టే. పక్క ఫ్లాట్‌లో పోపు చిటపటలాడితే ఇవతలికి వినపడుతుంది. పిస్తోలు తూటా ఏదైనా అలాంటి గోడలు రెండు మూడు దాటిపోతుంది. మన ఇళ్ల తొమ్మిదంగుళాల ఇటుక గోడను మనసులో పెట్టుకుని అక్కడ తుపాకీ కొనకూడదు. నడిరేయి తలుపు చప్పుడైందని హాల్లో కాల్చిన తూటా, పక్కింటి పసిపిల్ల ఉయ్యాల దాకా పోయే ఇళ్లవి.

సరే, ఇవన్నీ కాల్చాల్సి వచ్చిన రోజు సంగతులు. జీవితమంతా మోసినా చాలామందికి అలాంటి రోజు రాదు. రోజూ వచ్చేవి వేరే. కిలో బరువున్న వస్తువు నడుముకు గుచ్చుకుంటుంది. కారులో సీటుబెల్టుకు అడ్డమొస్తుంది, తీసి డ్యాష్‌బోర్డు అరలో పెడతారు. పార్కింగులో అద్దం పగలగొట్టే దొంగకు కావాల్సింది అదే. టాయిలెట్‌లో ప్యాంటు దించేటప్పుడు తీసి పక్కన పెడతారు, చేతులు కడుక్కుని వచ్చేస్తారు, అది అక్కడే ఉండిపోతుంది. నవ్వులాటకు చెబుతున్నది కాదు. మరిచిపోవడం ఎంత మామూలో విమానాశ్రయాల్లో రికార్డుంది. 2024లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో క్యాబిన్ బ్యాగుల్లో దొరికిన తుపాకులు 6,678. వాటిలో 94 శాతం తూటాలు నింపినవే. మొదటి స్థానం అట్లాంటాది, రెండోది డాలస్‌ది. పట్టుబడ్డవాళ్లు చాలామంది చెప్పే మాట ఒక్కటే: బ్యాగులో ఉందని మరిచిపోయాం. ప్రాణరక్షణ కోసం క్షణం వదలనని చెప్పే వస్తువును బ్యాగులో పెట్టి మరిచిపోయే మనిషి, ఆపద వేళ అర సెకనులో దాన్ని తీసి సరైనవాడిని గురి చూసి కొడతాడని నమ్మమంటున్నారు.

మరో లెక్కను ఆ పంచాయితీలో ఎవరూ ఎత్తరు. 2023లో అమెరికాలో తుపాకీతో పోయిన ప్రాణాలు 46,728. వాటిలో 27,300 ఆత్మహత్యలు. ఇంట్లో ఉన్న తుపాకీ ఆ ఇంట్లోవాళ్ల మీదికే తిరిగే సందర్భాలు అన్ని ఉన్నాయి. అక్కడ క్యాలిబర్ (తూటా లావు) చర్చకు తావే లేదు.

భయం అబద్ధమని మేము అనడం లేదు. రాత్రి పదకొండింటికి ఒంటరిగా దుకాణం మూసే మహిళకు, పోలీసు కారు రావడానికి అరగంట పట్టే పల్లెలో ఉండేవాడికి ఆ భయం నిజం. అక్కడి రాజ్యాంగం వాళ్లకు ఆ హక్కు ఇచ్చింది. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు న్యూయార్క్ చట్టాన్ని కొట్టేస్తూ, ఇంటి బయట తుపాకీ మోయడానికి ప్రత్యేక కారణం చూపించమని అడగరాదని చెప్పింది. అది అక్కడి తీర్పు. కానీ నేరచరిత్ర తనిఖీ చేసి, శిక్షణ ఇచ్చి లైసెన్సు ఇచ్చే పద్ధతులు చెల్లవని అదే కోర్టు అనలేదు. అయినా 2024 నాటికి 29 రాష్ట్రాల్లో లైసెన్సు అవసరమే లేదు. టెక్సస్ 2021 సెప్టెంబరు 1న ఎత్తేసింది, జార్జియా మరుసటి ఏడాది. టెక్సస్‌లో లైసెన్సు కోసం కాల్చి చూపించే పరీక్ష అంటే 3, 7, 15 గజాల దూరం నుంచి 50 తూటాలు కాల్చి 70 శాతం మార్కులు తెచ్చుకోవడమే. కదలని కాగితం బొమ్మ మీద, పగటి వెలుగులో, గుండె దడ లేకుండా. ఆ కాస్త పరీక్ష కూడా ఇప్పుడు ఇష్టమున్నవాడికే. డ్రైవింగు టెస్టు లేకుండా లారీ తాళాలు చేతికిచ్చిన తీరిది.

ఆ పరీక్షను తిరిగి పెట్టాలి. రోజూ మోసే తుపాకీతోనే పరీక్ష పెట్టాలి. చిన్నదానితో పాసై పెద్దది కట్టుకోవడం కుదరకూడదు. రెండేళ్లకోసారి మళ్లీ కాల్చి చూపించాలి. ఒంటి మీద లేనప్పుడు తాళం వేసి ఉంచాలన్న నియమం ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలి. తుపాకీ అంటే అంత ప్రేమ ఉన్నవాళ్లకు ఇవి భారం కాకూడదు.

మన దేశంలో దారి వేరు. 9 ఎంఎం, ఫార్టీఫైవ్ వంటివి ఇక్కడ నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వని రకం. లైసెన్సు దొరికినవాడు కాన్పూరు ఫ్యాక్టరీ పాయింట్ 32 రివాల్వరుతోనో, ఏ తాతగారి డబుల్ బ్యారెల్‌తోనో సరిపెట్టుకోవాలి. ఎన్నికల నోటిఫికేషన్ వస్తే సాధారణంగా అదీ స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తుంది. నాటు తుపాకుల సంగతి చూస్తే మనం గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. అయితే ఇలాంటి చోట పెరిగిన పిల్లలు రాత్రికి రాత్రి అలాంటి చోట దిగుతున్నారు. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు, వాట్సాప్‌లో కాల్పుల వార్తలు, 2017లో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలోని బార్‌లో మనవాళ్ల మీద జరిగిన కాల్పుల జ్ఞాపకం. ఒక తుపాకీ కొనుక్కుంటే టెన్షన్ పోతుందనుకోవడం సహజమే.

వాళ్లకు ఒక విషయం ఎవరూ సరిగా చెప్పడం లేదు. స్టూడెంట్ వీసా మీదైనా, హెచ్1బీ మీదైనా అమెరికాలో ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ (అక్కడి కేంద్ర) చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో అందరూ వాడుకునేది వేట లైసెన్సు. జింకలు కొట్టడానికిచ్చే ఆ కాగితం పట్టుకుని మనవాళ్లు పిస్తోళ్లు కొంటున్నారు. దాని గడువు తీరితే, వీసా స్టేటస్ పోతే ఆ పిస్తోలే కేసవుతుంది. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చి ఫొటో పెట్టుకోవడమూ చిన్న విషయం కాదు. చదువు ఆగి స్టూడెంట్ హోదా పోయిన ఒక విదేశీ యువకుడు ఫ్లోరిడాలో రేంజికి వెళ్లి రెండు తుపాకులు కాల్చి చూశాడు. 18 నెలల జైలుశిక్ష పడింది. తన హోదా పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాల్సిందేనంటూ 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసేదాకా కేసు నడిచింది. అక్కడిదాకా పోయే స్తోమత మన పిల్లల్లో ఎంతమందికి ఉంది?

వారానికోసారి వీడియో కాల్‌లో ఇక్కడి అమ్మానాన్నలు తిన్నావా, చలి ఎలా ఉంది అని అడుగుతారు. నీ రూమ్మేట్లలో ఎవరి దగ్గరైనా తుపాకీ ఉందా అని కూడా అడగండి. ఉందంటే, రాత్రిపూట దాన్ని ఎక్కడ పెడుతున్నాడో, తూటాలు తీస్తున్నాడో లేదో అడగండి.