శాతాల వెనుక ఉన్న పిల్లలెందరు?
ఒక చిన్న ప్రభుత్వ పూర్వ ప్రాథమిక బడిలో చేరికలు, పిల్లల ఇంటి భాషలు, ఉపాధ్యాయ నిష్పత్తుల లెక్కలపై వచ్చిన వ్యాసానికి ఇది స్పందన. చేరికలు 15 శాతం తగ్గితే తల్లిదండ్రుల నమ్మకం సడలినట్టేనని ఆ వ్యాసకర్త తేల్చేయడం తొందరపాటుగా తోస్తోంది. 80 మంది ఉన్న బడిలో 15 శాతమంటే 12 మంది పిల్లలు. మూడు నుంచి ఐదేళ్ల వారే చదివే చోట రెండు మూడేళ్లకోసారి దాదాపు అందరూ మారిపోతారు కనుక, నాలుగేళ్ల క్రితం ఆ పరిసరాల్లో జననాలు తగ్గినా, వయసు లెక్కగట్టే తేదీ కాస్త జరిగినా, హాజరుపట్టీలో పన్నెండు పేర్లు తగ్గడం వింతేమీ కాదు.

ఇంటి భాషను బట్టి వేసిన శాతాలు మరీ పెళుసు. మిగిలిన 68 మందిలో కవలలున్న ఒక్క కుటుంబం ఇల్లు మారితే చాలు, పట్టికలో దాదాపు మూడు శాతం తేడా వచ్చేస్తుంది. (దరఖాస్తులో ఇంటి భాష గడిని ఖాళీగా వదిలేసిన వారిని ఎక్కడ కలుపుతారో వ్యాసం చెప్పనే లేదు.) ఒక్కో టీచరుకు ఎందరు పిల్లలో చెప్పే ఉపాధ్యాయ నిష్పత్తిదీ అదే తంతు: ఒకే టీచరు ఉదయం 17 మందికి, మధ్యాహ్నం వేరే 17 మందికి చెబితే రికార్డులో 34 అని పడుతుంది, గదిలో మాత్రం ఏ పూటకైనా 17 చిన్న కుర్చీలే నిండుతాయి.

2015 నాటి ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పూర్వ ప్రాథమిక విద్యను కొలిచే సూచిక సైతం ఒక బడి చేరికలను కాక, ప్రాథమిక విద్యకు ఏడాది ముందు వయసు పిల్లల్లో ఎందరు ఏదో ఒక వ్యవస్థీకృత బోధనలో ఉన్నారన్నదే చూస్తుంది. ఆ 12 మంది మరో బడిలో ఉన్నారా, ఇంట్లోనే ఉండిపోయారా అన్నది ముందుగా విచారించవలసింది.