సవరణ: చండీగఢ్ క్వార్టర్లు ఎవరి డిజైన్?

చండీగఢ్ మీద రాసిన పోస్టులో "అక్కడి ప్రభుత్వ క్వార్టర్లు లె కార్బూజియే ఫ్రాన్స్ నుంచి తెచ్చిన నమూనా" అన్న వాక్యాన్ని తీసేశాను. కార్బూజియే పేరున్న ఆర్కిటెక్టు; నగర ప్రణాళిక, అసెంబ్లీ, హైకోర్టు ఆయనవే. ఇళ్ల పని మాత్రం ప్రధానంగా ఆయన దగ్గరి బంధువు పియర్ జానరే, లండన్ నుంచి వచ్చిన దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూలది. వాళ్లతోపాటు ఊర్మిళా యూలీ చౌధురి, ఆదిత్య ప్రకాశ్ లాంటి మన ఆర్కిటెక్టులూ ఉన్నారు. వాళ్ల పేర్లు ఇన్నాళ్లూ మరుగున పడటం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇది పేర్ల తేడాతో పోయేది కాదు. ఫ్రై, డ్రూ 1951లో చండీగఢ్ రాకముందే గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా), నైజీరియాల్లో పనిచేశారు. ఎండను ఆపుతూ గాలిని రానిచ్చే గోడలు, కిటికీల మీద నీడ, ఇవన్నీ అక్కడ వాళ్లకు చేతికి వచ్చిన పనులు. అంటే దారి యూరప్ నుంచి నేరుగా పంజాబుకు లేదు, పశ్చిమ ఆఫ్రికా మీదుగా వచ్చింది.

పంజాబు కూడా ఆ డిజైన్లను మార్చింది. చవగ్గా దొరికేది ఇటుక కాబట్టి ఇళ్లు ఇటుకతోనే లేచాయి. ప్యూన్ల కోసం కట్టిన అతి చిన్న ఇళ్లను చూడండి: రెండు గదులు, వంటగది, వరండా, వెనక పెరడు. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టిన జాలీ గోడలోంచి గాలి ఆడుతుంది.

ఆ పోస్టులో క్వార్టర్ల ఫొటో కింద ఉన్న పేరునూ జానరేగా మార్చాను. 1965 దాకా అక్కడే ఉండి పనిచేసింది ఆయనే.