ఉలి పట్టాలంటే లైసెన్సు చూపించు

మన గోదావరి జిల్లాల్లో ఎంత అరాచకం నడుస్తోందో ఎవరైనా గమనించారో లేదో గానీ, అమలాపురం నుంచి నరసాపురం దాకా ఏ వడ్రంగి మేస్త్రిని ఆపి అడిగినా చెవి సందున పెన్సిలు, నడుముకి టేపు తప్ప లైసెన్సు అనేది కనపడదు. పెన్సిలు పెట్టుకున్నంత మాత్రాన వడ్రంగి అయిపోతాడా? ఇక ప్రభుత్వం ఉన్నది దేనికి?

కాలిఫోర్నియాని చూసి సిగ్గు తెచ్చుకోవాలి మనం. అక్కడ కూలీ, సామాను కలిపి వెయ్యి డాలర్లకు చేరిన పనిని సొంతంగా ఒప్పుకోవాలంటే కాంట్రాక్టరు లైసెన్సు ఉండాల్సిందే. దానికి నాలుగేళ్ల అనుభవం రుజువు చేసుకోవాలి, పని మీద ఒక పరీక్ష, చట్టం, వ్యాపారం మీద ఇంకో పరీక్ష, పైగా 25,000 డాలర్ల పూచీకత్తు బాండు. ఇంటి చట్రం కట్టే వడ్రంగానికి ఒక కేటగిరీ, అలమరలు చేసే వడ్రంగానికి మరో కేటగిరీ. (ఒకరి కింద జీతానికి చేసేవాడికి ఇవేవీ అక్కర్లేదు. ఈ ముక్క ఇక్కడ ఎవరికీ చెప్పకండి, ప్రతివాడూ బావమరిది కింద జీతానికి చేస్తున్నానంటాడు.)

మరి మనకో? కరెంటు వైరు లాగేవాడికి పర్మిట్ ఉంది. కోత మిల్లు పెట్టాలంటే అటవీశాఖ లైసెన్సు కావాలి. అంటే దుంగను కోసే రంపానికి కాగితం ఉంది, ఆ చెక్కతో సింహద్వారం చేసే మనిషికి లేదు. 2023లో పీఎం విశ్వకర్మ పథకం పెట్టి, 18 వృత్తుల్లో వడ్రంగాన్నీ చేర్చి, సర్టిఫికెట్టు, గుర్తింపు కార్డు, పనిముట్లకి 15,000 రూపాయలు అన్నారు గానీ, కార్డు లేనివాడు ఉలి ముట్టుకోకూడదని మాత్రం అనలేదు. ఇవ్వడమే గానీ భయపెట్టడం లేకపోతే అదేం పరిపాలనండీ?

అందుకని గోదావరి డెల్టా వడ్రంగ లైసెన్సు మండలి ఒకటి వెంటనే పెట్టాలని నా డిమాండు. పరీక్ష పేపరు కూడా నేనే తయారు చేశాను. మొదటి ప్రశ్న: తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందు ఎంత ఉండాలి? జవాబు ఏసీ గదిలో ముందే ఖరారైపోయింది, ఇన్ని మిల్లీమీటర్లని. మన మేస్త్రి ఏం రాస్తాడు? "కర్రేంటండి? ఇప్పుడు ఏ నెలండి? ఇల్లు కాలవ గట్టునుందాండి?" అని రాస్తాడు. వైశాఖంలో బిగించిన తలుపు ఆ నెలంతా చిటికెన వేలితో తోస్తే మూసుకుంటుంది, శ్రావణం వచ్చేసరికి తేమ తాగి ఉబ్బి, గడపని కరుచుకుని, భుజం పెట్టి గుద్దితే గానీ ఊడి రాదు. అది తెలుసు కాబట్టే ఎండల్లో చేసిన తలుపుకి కాస్త ఎక్కువ సందు వచ్చేలా చిత్రిక పడతాడు. ఇంటాయన ఆ సందులోంచి వెలుగు చూసి గొడవకి దిగుతాడు. "వానలు పడనివ్వండి, అదే మూసుకుంటదండి, ఆయ్" అని ఈయన. ప్రశ్నకి ప్రశ్నే జవాబుగా రాసినందుకు సున్నా. పక్క బెంచీలో ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటించడం తప్ప చేవ కర్రని చేత్తో తడిమి ఎరగని కుర్రాడికి, గైడు బట్టీ కొట్టాడు కాబట్టి, నూటికి నూరు.

దరఖాస్తుకి వేలిముద్ర తప్పనిసరి. ఏళ్ల తరబడి శాండ్ పేపరు రుద్దీ రుద్దీ మేస్త్రి వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి, మెషీన్ మళ్లీ ప్రయత్నించమంటుంది. ఇక్కడే నా తెలివి చూడండి. వేలిముద్ర సరిగ్గా పడితే అనుభవం చాలదని తిప్పి పంపాలి, పడకపోతే మనిషే లేడని తిప్పి పంపాలి. ద్వారబంధం ఎత్తే ముహూర్తానికి సర్వరు డౌనయితే పంతులుగారే ఏదో సర్దుకుంటారు, నక్షత్రాలని ఆపడం ఆయన డిపార్టుమెంటు.

పాత నేరాల మీద కూడా విచారణ జరగాలి. 2020 సెప్టెంబరులో అంతర్వేది స్వామివారి రథం కాలిపోతే, 2021 ఫిబ్రవరి ఉత్సవాలకల్లా కొత్త రథం సిద్ధమైపోయింది. ఏ చెక్క కుసి (బెజ్జంలో దూర్చే కొన) ఏ బెజ్జంలో దిగాలో ఆ రథం చేసినవాళ్లకి ఏ బోర్డు చెప్పింది? తాళ్లరేవు వైపు పడవలు కట్టేవాళ్లయితే మరీను, నీళ్లు లోపలికి రాకపోవడమే మా సర్టిఫికెట్టు అన్నట్టుంటారు. పొగరు!

అడ్వాన్సు తీసుకుని, గృహప్రవేశం వారంలోకి వచ్చాక ఫోను ఎత్తని మేస్త్రుల సంగతేమిటని మీరు అడుగుతారు. న్యాయమైన బాధే, నేనూ పడ్డాను. కానీ "రేపొచ్చేత్తానండి" అనే మాట మీద చట్టం చేయలేం. లైసెన్సు ఉన్న డాక్టర్లూ, లాయర్లూ, ముద్ర గుద్దే ఆఫీసర్లూ కూడా మనల్ని రేపు రమ్మనేవాళ్లే కదా, అందరూ లోపలికి పోతారు.

అన్నట్టు లైసెన్సుని టేకు ఫ్రేము కట్టించి పనిచేసే చోట గోడకి తగిలించాలి, లేకపోతే జరిమానా. మొట్టమొదటి ఫ్రేము చేసేవాడికి అప్పటికింకా లైసెన్సు ఉండదు కాబట్టి అది చేయడం నేరమే అవుతుంది. మండలి ఆఫీసుకి కావాల్సిన బల్లలూ కుర్చీలతోనూ అదే చిక్కు. అవి వచ్చేదాకా సభ్యులు నిలబడే సంతకాలు పెడతారు.