పాట తెలుగులో, బడి ఒడియాలో: సరిహద్దు సంఘాల అసలు చిక్కులు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు క్రైస్తవ సంఘాల కష్టాలనగానే అందరూ బయటి ఒత్తిళ్ల గురించే మాట్లాడతారు. ఒత్తిళ్లు లేవని కాదు. ముందు పాటల పుస్తకం తెరిచి చూడండి.

ఒడియాలోనో ఇంగ్లిషులోనో చదువుకున్న పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లకోసం కీర్తనల్ని ఒడియా లిపిలో రాసిస్తే ఎ-ఏ, ఒ-ఓ తేడా పోతుంది. ఆ లిపిలో ‘తోడు’, ‘తొడు’ ఒకటే. ఫోన్లో ఇంగ్లిషు అక్షరాలైతే మరీ అన్యాయం: ‘పాడు’, ‘పడు’ రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్తుతి పాడమంటే కింద పడమన్నట్టు!

నిజానికి తెలుగు లిపి నేర్పడం అంత కష్టమేమీ కాదు. రెండు వర్ణమాలల వరుసా దాదాపు ఒకటే. సండే స్కూల్లో వారానికి పది నిమిషాలు, ఒడియా అక్షరం పక్కన తెలుగు అక్షరం రాసిన పటం పెట్టుకుంటే చాలు. మొదట హల్లులు, తర్వాత గుణింతం, ఒత్తులు చివర. ‘క’ను ‘కొ’ అని పలుకుతారు, ఒడియా అలవాటు అది. మొదటి వారమే దిద్దాలి. చదివించడానికి ముందే కంఠస్థమైన పల్లవి ఇవ్వకండి. కళ్లు పేజీ మీద ఉంటాయి, నోరు జ్ఞాపకం నుంచి పాడేస్తుంది. మూడో చరణం ఇవ్వండి.

సంఘం దేనికి అంటే, అపొస్తలుల కార్యములు 2:42 నాలుగు చెబుతుంది: బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన. మన కూటాల పోస్టర్లలో బోధకుడి ఫొటోయే పెద్దది. సహవాసం మాత్రం ఊళ్లో మిగిలేవాళ్లది. ఆంధ్ర నుంచి వచ్చిన బోధకులు మూడు రోజుల కూటాలు పెట్టి, చివరి రోజు నదిలో బాప్తిస్మాలిచ్చి బండెక్కుతారు. మతమార్పిళ్లను నియంత్రించే మత స్వేచ్ఛ చట్టం ఒడిశాలో 1967లోనే వచ్చింది. 1989 నియమాల ప్రకారం మతం మారే వ్యక్తి మేజిస్ట్రేట్ ఎదుట ప్రకటన ఇవ్వాలి. క్రతువు జరిపే పాస్టరు పదిహేను రోజుల ముందే తేదీ, సమయం, స్థలం కలెక్టరుకు తెలపాలి. ఈ నియమం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అది పాటించకపోతే పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగేది మాత్రం స్థానిక పెద్దలే, ఆ బోధకుడు కాదు.

పెళ్లిళ్లలోనూ ఇదే తంతు. 1872 క్రైస్తవ వివాహ చట్టంలో పాస్టరుకు రాష్ట్ర ప్రభుత్వమిచ్చే లైసెన్సు ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. పాతపట్నంలో పెళ్లి చేయగల స్వతంత్ర సంఘ పాస్టరుకు, పక్కనే ఉన్న పర్లాకిమిడిలో ఆంధ్ర లైసెన్సు పనికిరాదు. బిషప్ చేత అభిషేకం పొందినవారి సంగతి వేరు, వారికి ఈ లైసెన్సుతో పని లేదు. అధికారం లేదని తెలిసీ పెళ్లి చేస్తే పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. చిక్కు పెళ్లిరోజున బయటపడదు; పాస్‌పోర్టుకో ఆస్తి పంపకానికో ధ్రువపత్రం కావలసినప్పుడు పడుతుంది. శుభలేఖ అచ్చుకిచ్చే ముందే సంఘ కార్యదర్శి ఆ లైసెన్సు నకలు తెప్పించి, మీద ఏ రాష్ట్రం పేరుందో చూడాలి.