ఎవరూ నిద్రపుచ్చి అలవాటు మాన్పించరు

మొన్న రాత్రి మా బాబాయి ఒక వీడియో పంపారు. వేదిక మీద నల్లకోటు వేసుకున్న ఒకాయన చిటిక వేయగానే ఎదురుగా కూర్చున్న కుర్రాడు తల వాల్చేశాడు. కింద పెద్ద అక్షరాలతో "ఒక్క సిట్టింగ్‌లో ఏ అలవాటైనా మాయం" అని ఉంది. దానికి బాబాయి జతచేసిన ప్రశ్న: "నువ్వు కూడా హిప్నోథెరపీ చేయించుకున్నావట కదా, పనిచేస్తుందా?"

అవుననో కాదనో ఒక్క ముక్కలో చెబుతానని ఆయన ఆశ. చెప్పలేకపోయాను. అందుకు నా మీద నాకు విసుగొచ్చింది, ఆ వీడియో మీద అంతకు పదింతలు వచ్చింది. అందుకే ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది. ఓపిక లేనివారు ఇక్కడే ఆగిపోయినా ఏమీ అనుకోను.

హిప్నోథెరపీ అంటే మనసును ఒక చోట నిలిపి, సూచనలు ఇచ్చి చేసే చికిత్స. ముందు నా సంగతి. నాకు చిన్నప్పటి నుంచీ గోళ్లు కొరికే అలవాటు. ఇదీ ఒక సమస్యేనా అని నవ్వేవారు ఉంటారు. గోరు అంచుతో ఆగేది కాదు, చర్మం లేచి రక్తం వచ్చేదాకా సాగేది. ఫొటోల్లో నా చేతులు జేబుల్లోనో వీపు వెనకో ఉంటాయి. సంతకం పెడుతుంటే ఎదుటివారి చూపు కాగితం మీద ఉందా, నా వేళ్ల మీద ఉందా అని కనిపెట్టుకుని ఉండేవాడిని. చేదు పూత పూసుకున్నాను. వారం తిరిగేసరికి ఆ చేదే అలవాటైపోయింది.

మొదట వెళ్లింది సరిగ్గా ఆ వీడియో రకం మనిషి దగ్గరికే. గోడ నిండా సర్టిఫికెట్లు. ఈ అలవాటు ఎప్పుడు మొదలైంది, ఏ సమయంలో ఎక్కువ, ఎంత ఇబ్బంది పెడుతోంది అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. వాలు కుర్చీలో పడుకోబెట్టి, పది నుంచి ఒకటి దాకా లెక్కపెట్టి, "నీ అంతరంగం లోతుల్లోకి దిగుతున్నావు, నేటి నుంచి గోరంటే నీకు అసహ్యం" అన్నారు. నిజం చెప్పాలంటే నేను ఏ లోతుల్లోకీ దిగలేదు. కళ్లు తెరిస్తే పాపం ఆయన చిన్నబుచ్చుకుంటారేమోనని మూసుకుని పడుకున్నాను. చివర్లో "మీ సుప్తచేతనను తిరగరాశాను" అని ప్రకటించారు. నోటుపుస్తకంలో కొట్టివేతంత సులువుగా!

నాలుగు రోజులు గోళ్లు ముట్టలేదు. ఐదో రోజు ఒక సమావేశంలో కూర్చుని ఉండగా నోట్లో ఉప్పగా తగిలింది. చూస్తే బొటనవేలు. ఫోను చేసి చెబితే ఆయన అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది: "మీరు పూర్తిగా నమ్మలేదు."

జబ్బు తగ్గితే వైద్యుడి గొప్ప, తగ్గకపోతే రోగి తప్పు. ఇలాంటి ఏర్పాటు ఉన్న చోట నుంచి లేచి వచ్చేయాలని నాకు అప్పుడు తెలియదు. మరో రెండు సార్లు వెళ్లాను. మూడోసారి, నా గోళ్ల మూలం శైశవంలో ఉందని, అక్కడా దొరక్కపోతే గత జన్మలో వెతకాలని అన్నారు. దాంతో నమస్కారం పెట్టేశాను.

చాలామంది కథ ఇక్కడితోనే ముగుస్తుంది. "అంతా బూటకం" అని తేల్చేసి మరో దారి చూసుకుంటారు. నేనూ ఏడాదిపాటు అదే మాట చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు అలా అనను. అయితే వీడియోలో నల్లకోటాయన చెప్పేదీ ఒప్పుకోను. ఈ రెండింటికీ మధ్య ఏముందో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

అసలు హిప్నాటిజం అన్న పేరులోనే తిరకాసు ఉంది. అది తెలియాలంటే ఆ పేరు పుట్టకముందుకు వెళ్లాలి. 1784లో ఫ్రాన్సు రాజు పదహారో లూయీ ఒక విచారణ సంఘం వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజే అందులో సభ్యులు. మనుషుల్లో అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందని, దాన్ని సరిచేసి జబ్బులు నయం చేయవచ్చని మెస్మర్ అనే వైద్యుడు చెప్పేవాడు. ఆయన పద్ధతిలో వైద్యం చేయించుకున్నవాళ్లు వణికిపోయేవారు, మూర్ఛపోయేవారు. సంఘం కళ్లకు గంతలు కట్టి మరీ పరీక్షించి, ద్రవమూ లేదు గిద్రవమూ లేదు, ఇదంతా ఊహ ప్రభావమని తేల్చింది. మెస్మర్ పని అయిపోయింది. సరే, ఊహే అనుకుందాం. ఉత్త ఊహ ఒక మనిషి ఒంటిని అంతలా వణికించగలిగితే, దాన్ని మంచికి ఎందుకు వాడకూడదు? ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

1840లలో మాంచెస్టర్‌లో స్థిరపడిన స్కాట్లాండు సర్జన్ జేమ్స్ బ్రెయిడ్, ఇది ద్రవం వల్ల కాదు, చూపునూ మనసునూ ఒకే చోట నిలపడం వల్ల జరుగుతోందని చూశాడు. గ్రీకులో నిద్ర అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చిన హిప్నాటిజం అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. తరువాత ఇది నిద్ర కాదని ఆయనకే అర్థమై, ఒకే ఆలోచన మీద మనసు నిలవడం అనే అర్థం వచ్చే వేరే పేరు ప్రతిపాదించాడు. ఎవరూ పట్టించుకోలేదు. మనం ఇంకో అడుగు ముందుకు వేసి వశీకరణం అన్నాం, సమ్మోహనం అన్నాం. వశం అనగానే ఒకడు ఆడించేవాడు, మరొకడు ఆడేవాడు. ఆ మాట విన్నాక ఎవరికైనా భయమైనా వేస్తుంది, లేకపోతే ఆ ఆడించేవాడి చేతిలో మన బరువంతా పెట్టేద్దామన్న ఆశైనా పుడుతుంది. రెండూ చెడగొట్టేవే.

నాకు తెలిసిన హిప్నాసిస్ ఏమిటంటే, పుస్తకంలో మునిగిపోయినప్పుడు పక్కగదిలోంచి పిలిచినా వినబడదు చూడండి, దాదాపు అది. మెలకువగానే ఉంటాం. వద్దనుకుంటే కళ్లు తెరవవచ్చు. మాటలు వినబడతాయి, కాకపోతే వాటితో వాదించే గొంతు లోపల కాసేపు తగ్గుతుంది.

ఇది అందరిలో ఒకేలా ఉండదు. అమ్మేవాళ్లు దాచిపెట్టే మాట ఇదే. 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్జెన్‌హాఫర్, హిల్‌గార్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని కొలిచే ప్రామాణిక పరీక్ష తయారు చేశారు. సూచనలకు బాగా స్పందించేవారు సుమారు 10 నుంచి 15 శాతం ఉంటారు. దాదాపు అంతే మంది ఏమాత్రం స్పందించరు. మిగతా అందరూ మధ్యలో. అదే మనుషులను 25 ఏళ్ల తరువాత మళ్లీ పరీక్షిస్తే ఫలితాలు పెద్దగా మారలేదు. అంటే ఇది కేవలం తెలివికో, నమ్మకానికో, మనోబలానికో సంబంధించింది కాదు. ఒకరి గొంతు పాటకు లొంగుతుంది, ఒకరిది లొంగదు, అంతే. "మీరు పూర్తిగా నమ్మలేదు" అన్న ఆ పెద్దమనిషికి ఈ సంగతి తెలియదా, తెలిసీ అన్నారా?

బెంగాల్‌లోని హుగ్లీలో 1845 నుంచి జేమ్స్ ఎస్‌డెయిల్ అనే సర్జన్ మెస్మర్ పద్ధతితోనే నొప్పి తెలియకుండా రోగులకు వందల కొద్దీ శస్త్రచికిత్సలు చేశాడు. ఆ మరుసటి ఏడాదే ఈథర్, దాని వెనకే క్లోరోఫామ్ అనే మత్తుమందులు వచ్చాయి. అంతే, ఆయన పద్ధతి మూలన పడింది. మత్తుమందు ఎవరికిచ్చినా పనిచేస్తుంది, నిమిషాల్లో పనిచేస్తుంది. ఇది అలా కాదు.

మరి రుజువుల మాట? ఇక్కడే నాకు ఒళ్లు మండేది. 1984లో మాంచెస్టర్ వైద్యులు మామూలు చికిత్సలకు లొంగని 30 మంది ఐబీఎస్ రోగుల మీద హిప్నోథెరపీని పరీక్షించి మంచి ఫలితం చూశారు. ఐబీఎస్ అంటే కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల గొడవతో ఏళ్ల తరబడి వేధించే పేగుల సమస్య. ఆ దారిలో ఇంకా పరిశోధనలు వచ్చాయి. ఏడాదిపాటు మందులకు తగ్గనివారికి మానసిక చికిత్సలతో పాటు దీన్నీ పరిశీలించవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. నొప్పి విషయంలోనూ పనికొస్తుంది. 1997లో మాంట్రియల్ పరిశోధకులు మనుషుల చేతులను చురుక్కుమనే వేడినీటిలో పెట్టించి, నొప్పి తాలూకు బాధ ఒకసారి పెరుగుతోందని, ఒకసారి తగ్గుతోందని హిప్నాసిస్‌లో సూచించారు. మెదడులో ఆ బాధకు సంబంధించిన భాగంలో పని మారడం స్కానింగ్‌లో కనబడింది. ఇది నటన కాదు.

కానీ పేగుల కోసం హిప్నోథెరపీ అన్న ప్రకటన మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. చూసేదంతా సిగరెట్టు మాన్పిస్తాం, బరువు తగ్గిస్తాం. సిగరెట్టు మీద జరిగిన పరీక్షలన్నిటినీ కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2019లో వడబోసింది. మిగతా పద్ధతుల కన్నా, సొంతంగా మానడం కన్నా ఇది మెరుగని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. రుజువు ఎక్కడ బలహీనమో బోర్డు అక్కడే పెద్దది. ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఆ తరువాత నేను వెళ్లింది వేరే మనిషి, ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి. అదీ గోళ్ల కోసం కాదు, నలుగురిలో మాట్లాడాలంటే గొంతు ఎండిపోయే బాధ కోసం. గోళ్ల సంగతి ఆవిడే చూసి అడిగారు. కళ్లు మూసుకోమంటారేమో అనుకుంటే చేతిలో చిన్న నోటుపుస్తకం పెట్టారు. రెండు వారాలు కేవలం రాయడమే: చేయి ఎప్పుడు లేచింది, అప్పుడు ఏం చేస్తున్నాను. ఇరవై ఏళ్లుగా నేను కంగారులో కొరుకుతానని అనుకునేవాడిని. పుస్తకం వేరే మాట చెప్పింది. నేను కొరికేది ఎదురుచూపులో. కంప్యూటర్ తెర తెరుచుకునేలోపు, అవతలివారు ఫోను ఎత్తేలోపు, ఎవరైనా తలుపు తీసేలోపు. అది చూసి నిజంగా నోరు తెరిచాను.

ఆ తరువాతే హిప్నాసిస్. ఊపిరి, కండరాల సడలింపు, ఆపైన ఒక్క సూచన: చేయి గడ్డం దాకా రాగానే బరువెక్కుతుంది, ఆ బరువు నీకు తెలుస్తుంది. అసహ్యాలు లేవు, తిరగరాతలు లేవు. అదే మాట రికార్డు చేసి ఇచ్చి రోజూ పది నిమిషాలు ఇంట్లో సాధన చేయమన్నారు. ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. 21 రోజులంటారేమో అనుకున్నాను, ఆ లెక్క ఊరంతా తిరుగుతోంది కదా. ఆవిడ లండన్‌లో 96 మంది మీద జరిగి 2010లో వెలువడిన అధ్యయనం గురించి చెప్పారు. ఒక కొత్త అలవాటు యాంత్రికంగా జరిగిపోయే స్థాయికి రావడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా వచ్చిందట, మధ్యస్థం 66. "మీరు ఏ చివర ఉంటారో నాకు తెలియదు" అన్నారు. నాకు తెలియదు అనే సైకాలజిస్టును చూడగానే ప్రాణం లేచి వచ్చింది.

నాకు మూడు నెలల పైన పట్టింది. మధ్యలో నాన్న ఒంట్లో బాగాలేనప్పుడు మొత్తం మొదటికొచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు తొమ్మిది వేళ్లకు గోళ్లున్నాయి, కుడి బొటనవేలు మాత్రం లొంగలేదు. సభలో మాట్లాడే ముందు ఆ రికార్డు వింటాను. గొంతు ఇప్పటికీ ఎండుతుంది, అయినా మాట బయటికి వస్తుంది.

ఇందులో హిప్నాసిస్ వాటా ఎంత? నోటుపుస్తకం వాటా ఎంత? నిజాయితీగా చెప్పలేను. అలవాటును గమనించడం, చేతికి వేరే పని అప్పగించడం అనే పద్ధతిని హిప్నాసిస్ ఊసే లేకుండా అజ్రిన్, నన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లోనే ప్రచురించారని తరువాత చదివాను. బహుశా బండిని లాగింది అదే కావచ్చు, హిప్నాసిస్ ఇరుసుకు నూనె అయి ఉండవచ్చు. నాకు ఆ నూనె కూడా అవసరమైంది, అందుకు సిగ్గుపడను.

ఒక విషయంలో మాత్రం నూటికి నూరుపాళ్లు కోపంగా ఉన్నాను. హిప్నాసిస్‌లో పాత జ్ఞాపకాలు తవ్వితీస్తామనేవారి గురించి. ఆ స్థితిలో మనిషి చెప్పే జ్ఞాపకాల మీద అతనికి నమ్మకం పెరుగుతుంది తప్ప వాటిలో నిజం పెరగదు. అమెరికాలో పలు కోర్టులు అలాంటి సాక్ష్యానికి హద్దులు పెట్టింది అందుకే. లేని సంఘటన గుర్తొచ్చి కన్నవాళ్లకు దూరమైనవారు ఉన్నారు. ఆ మూడో సిట్టింగ్‌లో నేను లేచి రాకుండా ఉంటే నా గోళ్లకు ఎవరిని బాధ్యుల్ని చేసేవాడినో! అలాగే లేని గొంతులు వినబడేవారు, తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారు ముందు వెళ్లాల్సింది మానసిక వైద్యుడి దగ్గరికి. వేసుకుంటున్న మందులు ఆపేయమని చెప్పే హిప్నోథెరపిస్టు కనబడితే ఆ గుమ్మం మళ్లీ తొక్కకండి.

ఇదంతా కుదించి, అప్పుడే కాస్త చల్లబడి, బాబాయికి ఫోను చేశాను. అంతా విని, "సరేలే, ఆ రెండో ఆవిడ నంబరు ఇవ్వు" అన్నారు. ఎవరికి బాబాయ్ అని అడిగాను. వాళ్ల అబ్బాయికట. పద్దెనిమిదేళ్లు. రాత్రి రెండింటిదాకా ఫోను చూస్తున్నాడట.

"వాడు మానాలనుకుంటున్నాడా? వాణ్ని అడిగారా?"

"అడిగితే ఒప్పుకుంటాడా? అందుకే కదరా హిప్నాటిజం" అన్నారు.