రేవులో పంటల కాపలా ఖర్చు ఎవరు భరించాలి?

విశాఖపట్నం రేవు పేరు చెబితే బొగ్గు, ఇనుప ఖనిజం, ముడి చమురు గుర్తొస్తాయి. ఆ భారీ సరుకు పక్కనే ఆఫ్రికా దేశాల జీడిపిక్కలు కూడా కంటైనర్లలో దిగుతాయి. పలాస, కాశీబుగ్గల్లోని జీడి పరిశ్రమ స్థానిక పంటతో పాటు వాటి మీద కూడా ఆధారపడింది. ఇలాంటి సరుకు రేవు దాటి లోపలికి రావాలంటే కస్టమ్స్ అనుమతి ఒక్కటే చాలదు. 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం కింద కేంద్రం 2003లో జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, దిగుమతి అనుమతిని, ఎగుమతి దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రాన్ని సరిచూసి, సరుకును పరీక్షించిన తరువాతే మొక్కల క్వారంటైన్ కేంద్రం దాన్ని విడుదల చేయాలి. ఈ కాపలాకు డబ్బు ఎక్కడి నుంచి, ఏ లెక్కన రావాలన్న ప్రశ్న బడ్జెట్ చర్చల్లో దాదాపు వినిపించదు. ఉత్తరాంధ్ర రైతు పంటతో నేరుగా ముడిపడిన ప్రశ్న అది.

కాగితాల మీద ముద్ర వేయడంతో తనిఖీ పూర్తి కాదు. కంటైనరు తలుపు తీశాక ఎదురుగా కనిపించే బస్తాల నుంచే కాక లోపలి వరసల నుంచి కూడా నమూనాలు తీయాలి. వాటిని జల్లెడ పట్టి, కిందికి రాలిన పొడిని భూతద్దంతో చూడాలి. గోనె కుట్లు, నేల పలకల సందులు, మూలల్లో పేరుకున్న దుమ్ము కూడా వెతకాలి. మన గోదాముల్లో ఉండే ఖాప్రా పురుగు కోసం విదేశీ రేవుల్లో మన సరుకును ఇలాగే గాలిస్తారు, ఎందుకంటే దాని లార్వాలు చిన్న పగుళ్లలో దూరి తిండి లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతకగలవు. పురుగు దొరికితే అది ఏ జాతిదో తేల్చగల నిపుణుడు దగ్గరలో ఉండాలి. లేకపోతే నమూనా మరో ఊరి ప్రయోగశాలకు వెళ్లి తిరిగొచ్చేదాకా కంటైనరు అద్దె, డెమరేజీ (సరుకు ఆలస్యంగా తీసుకెళ్లినందుకు కట్టే రుసుము) దిగుమతిదారు నెత్తిన పడతాయి, త్వరగా వదిలేయాలన్న ఒత్తిడి రోజురోజుకూ పెరుగుతుంది. సిబ్బంది చాలని చోట నిజాయితీపరుడైన వ్యాపారి నష్టపోవడమో, తనిఖీ పలచబడటమో తప్పదు.

ప్రమాదాన్ని తెచ్చేవాడే తనిఖీ ఖర్చు భరించాలన్న వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమెరికా చాలావరకు ఆ దారిలోనే నడిచింది. 1990 నాటి చట్టంతో మొదలుపెట్టి ఓడలు, విమానాలు, లారీలు, విదేశాల నుంచి వచ్చే విమాన ప్రయాణికుల మీద వ్యవసాయ తనిఖీ రుసుము వసూలు చేస్తోంది. సరిహద్దుల్లోని వ్యవసాయ నిపుణుల జీతాల్లో పెద్ద భాగం ఆ డబ్బే. 2020లో కరోనా వల్ల ప్రయాణాలు ఆగిపోగానే ఆదాయం కుప్పకూలింది. సరుకు ఓడలు మాత్రం వస్తూనే ఉన్నాయి, వాటిలో పురుగులు వచ్చే అవకాశం అలాగే ఉంది. చివరికి ఆ ఏడాది డిసెంబరులో అమెరికన్ కాంగ్రెస్ సాధారణ ఖజానా నుంచి 63.5 కోట్ల డాలర్లు ఇచ్చి లోటు పూడ్చాల్సి వచ్చింది. రుసుముల రాబడి ప్రయాణికుల సంఖ్యను బట్టి మారుతుంది, తెగుళ్ల ముప్పు ఆ లెక్కను అనుసరించదు. ఆస్ట్రేలియా ఇంకో దారి చూసింది. 2023 బడ్జెట్‌లో జీవభద్రత, అంటే బయటి చీడపీడలు లోపలికి రాకుండా చూసే పని, ఖర్చులో కొంత రైతుల మీద లెవీగా వేయాలని ప్రతిపాదిస్తే, దిగుమతుల వల్ల వచ్చే ముప్పుకు తామెందుకు కట్టాలని రైతులు ఎదురు తిరిగారు, ఆ ప్రతిపాదన చట్టం కాలేకపోయింది.

మన దగ్గర ఇబ్బంది ఇంకో రకం. ఇక్కడా తనిఖీకి రుసుము ఉంది, కానీ రాజ్యాంగంలోని 266వ అధికరణ ప్రకారం ప్రభుత్వ రాబడి అంతా సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఉమ్మడి ఖజానాకు చేరుతుంది. ఒక రేవులో వ్యవసాయ సరుకు పెరిగి రుసుము రెట్టింపైనా, అక్కడి కేంద్రానికి దానంతట అదే ఒక్క పోస్టు కూడా పెరగదు. అమెరికాలో రాబడి తగ్గితే ఉద్యోగాలు ఊగిసలాడతాయి, మన దగ్గర రాబడికీ పనికీ ముడే లేదు.

దీనికి తోడు అధికారాల పంపకం ఉంది. విదేశీ వాణిజ్యం, రేవుల్లోని క్వారంటైన్ కేంద్ర జాబితాలోవి. వ్యవసాయం, పంటలను చీడపీడల నుంచి కాపాడటం రాష్ట్ర జాబితాలోని 14వ అంశం. రేవు గేటు దగ్గర ఒక నిపుణుడి పోస్టు ఖాళీగా ఉంచితే మిగిలే జీతం కేంద్రం పద్దులో కనిపిస్తుంది. దాటివచ్చిన పురుగు వల్ల కలిగే నష్టం మాత్రం రాష్ట్రం మీద, అంతకంటే ఎక్కువగా ఏ లెక్కల పుస్తకంలోనూ లేని కౌలు రైతు మీద పడుతుంది. ఆదా ఒకరిది, నష్టం మరొకరిది అయినప్పుడు ఆ పోస్టు భర్తీ చేయమని గట్టిగా అడిగేవారు ఎక్కడి నుంచి వస్తారు?

ఆ నష్టం ఎలా ఉంటుందో మిరప రైతులను అడగాలి. ఆగ్నేయాసియాకు చెందిన తామర పురుగు జాతి ఒకటి మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. 2021లో అదే పురుగు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం ప్రాంతాల మిరప పూతలో చేరి కాపు రాకుండా చేసింది. మందుల మీద మందులు కొట్టి, అప్పులు పెరిగి, చివరికి తోటలు పీకేసిన రైతులున్నారు. రేవు దగ్గర తప్పించుకున్నదాన్ని ఆ మధ్యలోని ఆరేళ్లలో పొలాల్లో వెంటాడే నిఘాకు మనం తగినంత ఖర్చు పెట్టలేదని నా అభిప్రాయం. తనిఖీ నిధి అంటే గేటు దగ్గరి ఖర్చుతో పాటు ఈ నిఘా ఖర్చు కూడా అందులో ఉండాలి.

అరకు అనుభవం దీన్నే ఇంకో వైపు నుంచి చెబుతుంది. కాఫీ కాయతొలుచు పురుగు 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో కనిపించింది. దేశీయ క్వారంటైన్ కింద ప్రకటించిన చీడల జాబితాలో అదీ ఉంది. అయినా 2025లో అరకు తోటల్లోకి చేరింది. అది వచ్చింది విదేశీ ఓడలో కాదు. పురుగు సోకిన కాయలు కోయించి నాశనం చేయించాల్సి వచ్చింది, గిరిజన రైతులకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. రాష్ట్రాల మధ్య చీడల వ్యాప్తిని అరికట్టడం ఉమ్మడి జాబితాలోని 29వ అంశం కాబట్టి, ఆ ఖర్చును కేంద్రం, రాష్ట్రం ఏ నిష్పత్తిలో పంచుకోవాలో ముందే రాసి ఉండాలి.

ఎగుమతుల వైపు కూడా ఇదే లెక్క. పండు ఈగలు బయటపడ్డాయని 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన మామిడిని ఆపేసింది, 2015 ఆరంభంలో గానీ సడలించలేదు. ఒక సీజను పోయిందంటే విజయనగరం తోట యజమానికి దాని అర్థం తెలుసు.

కాబట్టి ఖర్చును రెండుగా విడదీయాలి. ఒక్కో సరుకుకు అయ్యే నమూనా పరీక్ష, పొగబెట్టడం, పనివేళలు దాటిన తనిఖీ వంటివి దిగుమతిదారు కట్టాలి, అందులో అన్యాయం లేదు. కనీస సిబ్బంది, ప్రయోగశాల, పొలాల్లో నిఘా మాత్రం ఖజానా నుంచే రావాలి, ఎందుకంటే వాటి ఫలితం పొందేది రేవు మొహం కూడా చూడని రైతు. ఏ కేంద్రానికి ఎన్ని పోస్టులన్నది అక్కడ దిగే వ్యవసాయ సరుకు పరిమాణం, దాని మూల దేశం, ముప్పు స్థాయిని బట్టి ఏటా సవరించాలి. వ్యవసాయ జీవభద్రత బిల్లు 2013లో లోక్‌సభ ముందుకు వచ్చి, 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. ఈసారి వచ్చే బిల్లులో ప్రాధికార సంస్థ ఏర్పాటుతో పాటు దానికి నిధులు ఎలా చేరాలో చెప్పే నిబంధన కూడా ఉండాలని మన ఎంపీలు పట్టుబట్టాలి.

విశాఖకు ఇందులో తొందర ఎక్కువ. భోగాపురం విమానాశ్రయం నుంచి విదేశీ సర్వీసులు పెరిగితే సంచుల్లో వచ్చే విత్తనాలు, మొక్కల అంట్లు, పళ్లు కూడా తనిఖీ చేయాలి. రేవులోని సిబ్బందినే అక్కడికీ పంపుతామంటే రెండు చోట్లా పని దెబ్బతింటుంది. అక్కడి పోస్టులను, పరీక్ష గదిని, వాటికి విడిగా బడ్జెట్ పద్దును ఇప్పుడే మంజూరు చేయాలి.