భర్త సంతకం ఏ చట్టంలో ఉంది?

రెండేళ్ల కిందట మా పక్కింటి అక్కకు మళ్లీ నెల తప్పింది. అప్పటికే ఇద్దరు పిల్లలు, ఇక వద్దనుకుంది. బావ పని మీద హైదరాబాద్‌లో ఉన్నాడు, ఆయనా సరేనన్నాడు. మాది మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా. ఎనిమిదో వారంలో అక్కకు తోడుగా నేనే దవాఖానకు వెళ్లాను. సిస్టర్ మరాఠీ కాగితం మీద వేలు పెట్టి ‘నవర్యాచీ సహీ’ అంది. భర్త సంతకం కావాలట. ఫోన్‌లో మాట్లాడిస్తామన్నా వినలేదు. బావకు సెలవు దొరికి వచ్చేసరికి పన్నెండో వారం పడింది. తొమ్మిది వారాల లోపైతే మాత్రలతో పోయేది ఆపరేషన్ దాకా వెళ్లింది.

ఆ సంతకం ఏ చట్టంలోనూ లేదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ తానొక్కతే ఒప్పుకుంటే చాలు. మైనరుకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రమే సంరక్షకుల సంతకం కావాలి. సమ్మతి పత్రం ఫారం సి ఒక్క పేజీ. ‘ఫలానా వారి కూతురు లేదా భార్య’ అని రాసుకోవడానికి ఖాళీ ఉంటుంది. ఆయన పేరు అడుగుతుంది, అనుమతి అడగదు. కుటుంబ సభ్యుల సమ్మతి లాంటి చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల దాకా అవకాశం ఇచ్చిన తీర్పు అదే.

కడుపులో ఉన్నది ప్రాణమే, తీయించుకోవడం పాపమని మా అమ్మ వయసు వాళ్లు అంటారు. ఆ మాటలో దయ ఉంది, కాదనను. ఆడపిల్లల్ని చంపేస్తారన్న భయమూ నిజమే. లింగ నిర్ధారణను ఆపడానికి 1994లో వేరే చట్టమే తెచ్చారు. కానీ దవాఖాన వెనక్కి పంపిన ఆడమనిషి ఏం చేస్తుంది? మెడికల్ షాపులో ఏ మాత్ర దొరికితే అది మింగుతుంది.

చట్టం వారాలు లెక్కపెడుతుంది. దూరాన్ని లెక్కపెట్టదు. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ‘రేపు రండి’ అన్న ఒక్క మాటకు కూలీ డబ్బులు, బస్సు ఛార్జీలు, పిల్లల్ని ఎవరింట్లో వదలాలన్న టెన్షన్. చట్టం ఇచ్చిన గడువు నగరంలో ఉన్నంత పొడుగ్గా ఇక్కడ ఉండదు.

దీని వెనక ఇంకో గోస ఉంది, నాకు దాని మీదే ఎక్కువ కోపం. 1960 మే 1న భాషను బట్టి మహారాష్ట్ర ఏర్పడింది. గోదావరి ఇవతల తెలుగు ఇళ్లు అలాగే ఉండిపోయాయి. రాజుర, కిన్వట్‌లలోనూ తెలుగువాళ్లు ఉన్నారు. ఒడిశా వైపు పర్లాకిమిడి, గుణుపురంలోనూ అంతే, అక్కడ కాగితం ఒడియాలో. మన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ అంటుంది. దవాఖాన కాగితం గురించి అందులో మాట లేదు. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని దాన్ని సమ్మతి అంటున్నారు. ఫారం సి తెలుగులో అచ్చేయించి సరిహద్దు దవాఖానల్లో గోడకు అంటించడానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు.

ఆ రోజు ఆటోలో అక్క అడిగింది: ‘చెల్లే, ఆ కాగితంల ఏం రాసిండ్రు?’ నేను మరాఠీ బడిలోనే చదువుకున్నాను. అయినా సిస్టర్ వేలు పెట్టిన చోటు తప్ప పైన ఏముందో చదవలేదు.